రెండున్నర సెంట్ల తేడా

పోయిన ఎండాకాలం మా బావమరిది ఖమ్మం నుంచి వచ్చాడు. ఓ ఆదివారం వెస్ట్‌మాంట్‌లో కాస్ అవెన్యూ మీద సిగ్నల్ దగ్గర ఆగాం. మేముండే నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్లే రైలు దారిలో ఐదారు స్టేషన్ల అవతల ఉంటుంది ఆ ఊరు. వాడు తల పైకెత్తి స్తంభానికున్న బోర్డు కూడబలుక్కుని చదివాడు.

"మడ్డీ వాటర్స్ వే. అంటే బురద నీళ్ల బాటా? మా కాలనీ రోడ్డుకి పెట్టాల్సిన పేరు ఇక్కడ పెట్టారేంటి బావా?"

"అది మనిషి పేరురా. పెద్ద బ్లూస్ పాటగాడు. బ్లూస్ అంటే ఇక్కడి నల్లవాళ్ల పాట. రోలింగ్ స్టోన్స్ అని బ్యాండ్ ఉంది చూడు, వాళ్ల పేరు ఈయన పాటలోంచి తీసుకున్నదే."

వాడు "ఓహో" అన్నాడు. సిగ్నల్ పడింది. అక్కడితో అయిపోయింది.

నాకు మాత్రం అయిపోలేదు. ఆ జవాబు రాత్రంతా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. త్యాగయ్య ఎవరని ఎవరైనా అడిగితే "ఫలానా సినిమాలో ఆయన కీర్తన ఒకటి పెట్టుకున్నారు, ఆయన" అని చెప్తామా? మడ్డీ వాటర్స్ గురించి చెప్పేటప్పుడు మాత్రం నేనూ, నాకు తెలిసిన ప్రతి సంగీతాభిమానీ చేసేది అదే. ముందు రోలింగ్ స్టోన్స్, ఆ వెనక లెడ్ జెప్పెలిన్, ఎరిక్ క్లాప్టన్, అందరూ ఇంగ్లండు రాక్ వాళ్లే. ఆయన పాడింది వాళ్లు పుట్టడానికే అన్నట్టు. వారసత్వం అనే మాటతో వచ్చే చిక్కే ఇది. తాతకి మనవలు విలువ కడుతున్నట్టు ఉంటుంది. మడ్డీకి ఆ అవసరం లేదని నా వాదన. ఆయన విలువ ఇంగ్లండు కుర్రాళ్లు కట్టకముందే తేలిపోయింది. తన పని ఖరీదు ఎంతో ఆయనకు పైసలతో సహా తెలుసు. తెలియనిదల్లా, పద్దు పుస్తకంలో అవతలివాళ్లు ఏం రాసుకుంటున్నారో.

కాబట్టి ఆ రోజు బావమరిదికి నేను చెప్పాల్సింది రోలింగ్ స్టోన్స్ గురించి కాదు, ఒక జీతం తగాదా గురించి.

మిసిసిపీ రాష్ట్రానికి వాయవ్యాన, మిసిసిపీ, యాజూ నదుల మధ్య ఉన్న ఒండ్రు నేలని డెల్టా అంటారు. చూపు ఆనినంత మేరా పత్తి. అక్కడ క్లార్క్స్‌డేల్ పట్నానికి దగ్గర్లో స్టోవల్ అనే పెద్ద కమతం. ఈయన అసలు పేరు మెకిన్లీ మోర్గన్‌ఫీల్డ్. పుట్టింది 1915లో అని ఆయనే చెప్పుకునేవాడు గానీ పాత కాగితాలు 1913 అంటాయి. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ డెల్లా గ్రాంట్ తీసుకొచ్చి స్టోవల్‌లో పెంచింది. పొద్దస్తమానం బురదలో ఆడుతుంటే మడ్డీ అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆవిడే. వాటర్స్ అన్న తోక తర్వాత తోటి పిల్లలు తగిలించారు. బడికి పోయింది కొద్దికాలమే. చదవడం, రాయడం సరిగ్గా రాకుండానే బతుకంతా గడిపాడు.

పదిహేడేళ్ల వయసులో గుర్రాన్ని అమ్మి గిటారు కొన్నాడు. గుర్రానికి పదిహేను డాలర్లొస్తే అమ్మమ్మకి ఏడున్నర ఇచ్చి, తన వాటా ఏడున్నరలోంచి రెండున్నర పెట్టి స్టెల్లా గిటారు తెచ్చుకున్నానని చాలా ఏళ్ల తర్వాత కూడా లెక్కతో సహా చెప్పేవాడు. ఆ గిటార్లు పోస్టులో తెప్పించుకునేది సియర్స్ కంపెనీ నుంచి. సియర్స్ ఉండేది షికాగోలో. ఆయన షికాగో వెళ్లడానికి పదమూడేళ్ల ముందే షికాగో ఆయన ఇంటికొచ్చింది.

స్టోవల్‌లో ఆయన పత్తి తీశాడు, పాలుకు చేశాడు. నేల దొరది, విత్తనం దొరది, పొద్దున తినే పిండీ మాంసమూ దొర కొట్లోంచి అప్పు మీద వచ్చేవి. ఏడాది చివర పంట అమ్మాక దొర గుమస్తా పుస్తకం తెరిచి, నీ వాటా ఇంత, నీ అప్పు ఇంత, మిగిలింది ఇంత అని చెప్తాడు. ఆ పుస్తకాన్ని తిప్పి చూసే హక్కు పాలుకు చేసినవాడికి లేదు. చూసినా చదవలేడు. చదవగలిగినా ఎదురు మాట్లాడలేడు. మన తాతల తరానికి ఈ ఏర్పాటు వివరించి చెప్పక్కర్లేదు. స్టోవల్ మిగతావాటితో పోలిస్తే నయమని పేరున్న చోటు. ఆ మాట కూడా చెప్పాలి.

ఈయన పత్తితో ఆగలేదు. అడవిలో వల పన్ని జంతువుల తోళ్లు అమ్మాడు. శనివారం రాత్రి తన ఇంటినే పాటల కొట్టంగా మార్చి నాటుసారా, చేపల సాండ్‌విచ్ అమ్ముతూ జూదం నడిపాడు. గిటారు వాయించేదీ తనే. సీసా మెడ విరగ్గొట్టి, అంచు నున్నగా అరగదీసి, వేలికి తొడిగి తీగ మీద జార్చడం ఆ చుట్టుపక్కల వాయించే సన్ హౌస్‌ని చూసి నేర్చుకున్నాడు. చివరికి ట్రాక్టరు నడిపే పని దొరికింది. కమతంలో అది కాస్త పరువైన పని. జీతం గంటకు ఇరవై రెండున్నర సెంట్లు.

అందుకే 1941 ఆగస్టులో ఓ తెల్లాయన కారులో వచ్చి తనకోసం వాకబు చేస్తున్నాడంటే, సారా పట్టుకోవడానికొచ్చిన ఎక్సైజువాడే అనుకున్నాడు. వచ్చినవాడు అలన్ లొమాక్స్, వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున జానపద పాటలు రికార్డు చేసుకుంటూ తిరుగుతున్నాడు. వెంట నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ నుంచి జాన్ వర్క్ అనే నల్లజాతి ప్రొఫెసర్. దాహమైతే లొమాక్స్, మడ్డీ తాగిన కప్పుతోనే నీళ్లు తాగాడట. తెల్లవాళ్లలో అలా తాగేవాణ్ని అంతకుముందు చూడలేదని మడ్డీ ఎప్పటికీ చెప్పుకున్నాడు. (రెండు గ్లాసుల పద్ధతి చూసిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఆ చిన్న సంగతి ఆయనకి ఎందుకంత గుర్తుండిపోయిందో మనకి ఇంకెవరో చెప్పాలా?) ఆ యాత్ర మీద జాన్ వర్క్ బోలెడు రాశాడు, విన్న పాటలకి స్వరాలు రాసిపెట్టాడు. ఆ కాగితాలు ఎక్కడో అటకెక్కి 2005లో గానీ పుస్తకంగా రాలేదు. అరవై ఏళ్లకు పైగా ఆ పని మొత్తం లొమాక్స్ ఖాతాలోనే జమ అయింది. పద్దు పుస్తకం అంటే డబ్బులదే కానక్కర్లేదు.

ఆ రికార్డింగులో మాటలు కూడా ఉన్నాయి. ఒక పాట ఎప్పుడు కట్టావని లొమాక్స్ అడుగుతాడు. కారు టైరు పంక్చరు వేస్తున్నప్పుడు తట్టిందని మడ్డీ అంటాడు. ఓ అమ్మాయి చిన్నచూపు చూసిందట, మనసు బాలేదట. గొంతులో నాటకీయత ఏమీ లేదు. టైరు పని ఎంత మామూలో పాట పనీ అంతే మామూలు. బ్లూస్ పేరెత్తగానే జనం చెప్పే కథ ఒకటుంది కదా, రాబర్ట్ జాన్సన్ అనేవాడు అర్ధరాత్రి నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యానికి ఆత్మని అమ్మి విద్య సంపాదించాడని. ఆ కథకి వెయ్యి పుస్తకాలు. పంక్చరు కథ ఎవరికీ అక్కర్లేదు. నాకైతే దెయ్యం కంటే పంక్చరే నమ్మశక్యంగా ఉంటుంది. ఎంతైనా చేతిపని కదా.

రికార్డు చేసింది అక్కడికక్కడే వినిపించారు. తన గొంతు తనే బయట నుంచి వినడం ఆయనకు అదే మొదటిసారి. అందరి రికార్డుల్లా తనదీ ఉందే అనిపించింది. లొమాక్స్ వెళ్లిపోయాక కొన్ని వారాలు ఎదురుచూసి, ఎవరిచేతో రాయించి ఉత్తరం పంపాడు. పాటలు బాగా వచ్చాయా, వస్తే దయచేసి పంపండి అని. ఆ ఉత్తరంలో తన గురించి ఎలా చెప్పుకున్నాడో చూడండి: ఫలానా పాటలు పాడిన కుర్రాణ్ని, 'బాయ్'ని అని. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. పెళ్లయినవాడు. డెల్టాలో నల్ల మగాడు తొంభై ఏళ్లు బతికినా తెల్లవాడి నోట బాయే. మన దగ్గర ముసలాళ్లని కూడా పేరు విరిచి "ఒరేయ్" అని పిలిచినట్టు. ఈ మాటని గుర్తుపెట్టుకోండి, పద్నాలుగేళ్ల తర్వాత దీనితో పని ఉంది.

చివరికి రెండు రికార్డు కాపీలూ ఇరవై డాలర్ల చెక్కూ వచ్చాయి. కాపీని పట్టుకెళ్లి మూలమీది కొట్లో, పైసలేస్తే పాడే జూక్‌బాక్స్‌లో పెట్టించి మళ్లీ మళ్లీ వేయించుకుని విన్నాడు. నా చేతనవుతుంది, నా చేతనవుతుంది అనుకుంటూ.

ఇప్పుడు ఆ జీతం తగాదా. 1943లో ఆయన ఓవర్సీర్ దగ్గరికి వెళ్లి గంటకు ఇరవై ఐదు సెంట్లు చేయమని అడిగాడు. పెంచమన్నది రెండున్నర సెంట్లు. ఓవర్సీర్ ఒంటికాలి మీద లేచాడు. మడ్డీ గొడవ పెట్టుకోలేదు. కొద్దిరోజుల్లోనే అమ్మమ్మకి చెప్పి, ఓ శుక్రవారం ఒక సూట్‌కేసూ గిటారూ పట్టుకుని క్లార్క్స్‌డేల్‌లో రైలెక్కాడు. శనివారానికి షికాగో.

నాకు ఈ రెండున్నర సెంట్లు ఎందుకు పట్టుకున్నాయో కూడా చెప్పాలి. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీ ద్వారా పనిచేశాను. నా గంటకు క్లయింట్ ఎంత కడుతున్నాడో నాకు తెలియదు, మధ్యలో ఇద్దరు వెండర్లు. బిల్ రేట్ ఎంతండీ అని అడిగితే "అది కాన్ఫిడెన్షియల్ బాబూ, నీ జీతం నీకొస్తోంది కదా" అనేవాళ్లు, అదీ మంచి తెలుగులో. ఓ సాయంత్రం ఆఫీసు ప్రింటర్ మీద ఎవరో మర్చిపోయిన ఇన్‌వాయిస్ కనిపించింది. నా పేరు, పక్కన గంటలు, ఆ పక్కన అంకె. కాసేపు కాలు కదపలేకపోయాను. కాగితాన్ని ఉన్నచోటే బోర్లా పెట్టి వచ్చేశాను. ఏసీ గదిలో పడ్డ ఆ బాధని పత్తి చేలతో పోలిస్తే కళ్లు పోతాయి, పోల్చను. కాకపోతే అప్పట్నుంచి ఎవరి జీవిత చరిత్ర చదివినా నా కన్ను ముందు లెక్కల దగ్గర ఆగుతోంది.

ఓవర్సీర్ ఆ రెండున్నర ఇచ్చేసి ఉంటే? దీనికి జవాబు ఏడాదిలోనే వచ్చింది. 1944 అక్టోబరు 2న క్లార్క్స్‌డేల్ పక్కనే హాప్సన్ కమతంలో ఎనిమిది ఎర్ర యంత్రాలు జనం చూస్తుండగా పత్తి చేలోకి దిగాయి. మనిషి గంటకు ఇరవై పౌండ్లు తీస్తే యంత్రం వెయ్యి తీసింది. హాప్సన్ వేసుకున్న లెక్క ప్రకారం ఒక బేలు పత్తి తీయడానికి యంత్రంతో 5 డాలర్ల 26 సెంట్లు, చేత్తో అయితే 39 డాలర్ల 41 సెంట్లు. ఆ అంకెలు చూశాక డెల్టాలో మనిషి చేయికి ఇంకేం మిగిలింది? 1940లో షికాగోలో నల్లవాళ్లు దాదాపు 2.78 లక్షలు. 1950కి 4.92 లక్షలు. మడ్డీ పోకపోయినా ఆ రైలు ఆయన్ని ఎక్కించుకునే ఉండేది. ఆయన ఏడాది ముందు ఎక్కాడు, అంతే.

షికాగోలో పేపర్ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేశాడు, కిటికీ తెరలు సరఫరా చేసే లారీ నడిపాడు. రాత్రిళ్లు అద్దె డబ్బుల కోసం ఇళ్లలో పెట్టుకునే పార్టీల్లో, ఆ తర్వాత నల్లవాళ్లుండే సౌత్ సైడ్ పేటల బార్లలో వాయించాడు. సంగీత చరిత్రలో పెద్ద మలుపుగా రాసే సంగతి ఇక్కడే జరిగింది, గిటారుకి కరెంటు తగిలించడం. దీని మీద ఎన్ని సిద్ధాంతాలో! నగరపు ఆత్మ, యంత్రయుగపు గర్జన. ఆయన్ని అడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు. మామూలు గిటారు వాయిస్తే బార్లో ఎవడికీ వినపడేది కాదు, అందుకని ఆంప్లిఫయర్ కావాల్సొచ్చింది. పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసి, జేబులో జీతంతో, గ్లాసు చేత్తో పట్టుకుని అరిచి అరిచి మాట్లాడుకునే జనం మధ్య వాయించాలి. ఇంట్లో వసారాలో వాయించినట్టు కుదరదు.

శబ్దం పెరగడం ఒక్కటే అయితే కథ అక్కడే ఆగేది. లిటిల్ వాల్టర్ మౌతార్గాన్‌ని మైకుతో కలిపి గుప్పిట్లో బిగించి ఊదితే, ఆ ముప్పావలా వాయిద్యం శాక్సాఫోన్‌తో పోటీపడింది. జిమ్మీ రోజర్స్ రెండో గిటారు, ఓటిస్ స్పాన్ పియానో. ఇవాళ రాక్ బ్యాండ్ అనగానే మన కళ్లముందు కదిలే బొమ్మ ఉందే, అది 1950ల మొదట్లో సౌత్ సైడ్‌లో ఈ మనుషుల చుట్టూ గట్టిపడిందే. వినేవాళ్లకి నేనిచ్చే సలహా ఒక్కటే: గిటారు వైపు కాదు, ఆగిన చోట్ల వైపు చెవి పెట్టండి. విల్లీ డిక్సన్ రాసిన హూచీ కూచీ మ్యాన్ (1954) విన్నారా? క్లబ్బులో విరామం అప్పుడు బాత్రూమ్‌లో నిలబడి డిక్సన్ ఆయనకి నేర్పిన పాట అది. బ్యాండంతా ఒక్క దెబ్బ కొట్టి ఆగుతుంది. ఆ ఖాళీలోకి మడ్డీ ఒక వాక్యం వదులుతాడు. మళ్లీ దెబ్బ. మళ్లీ ఖాళీ. పంచాయితీలో పెద్దమనిషి మాట్లాడబోతుంటే అందరూ నోరు మూసుకున్నట్టుంటుంది. మూసుకున్నారు కూడా. నిన్నమొన్నటి దాకా 'బాయ్' అయినవాడి కోసం.

ఆ మాట ఇక్కడికొచ్చింది. 1955లో బో డిడ్లీ అనే కుర్రవాడు హూచీ కూచీ మ్యాన్ ఎత్తుగడనే వాడుకుని నేను మగాణ్ని అని పాడాడు. దానికి జవాబుగా మడ్డీ పాడింది మానిష్ బాయ్. రాగం మారదు, తీగ మారదు, ఒకే దరువు మొదలునుంచి చివరిదాకా. వెనక ఆడవాళ్ల కేకలు. అందులో ఆయన మ్యాన్ అన్న మాటని ఒక్కో అక్షరం పలికి చెప్తాడు. ఎమ్, ఏ, ఎన్. చదువురానివాడు, నలభై రెండేళ్లవాడు, పద్నాలుగేళ్ల క్రితం ఇంకొకరి చేత్తో తనను బాయ్ అని రాయించుకున్నవాడు, ఇప్పుడు స్పెల్లింగు చెప్తున్నాడు. శృంగారపు పాట అని నవ్వుకుని వదిలేసేవాళ్లు ఆ మూడు అక్షరాలు మళ్లీ వినాలి. 1976లో, అరవై దాటాక, 'ది బ్యాండ్' అనే పేరున్న రాక్ బృందం వీడ్కోలు కచేరీలో కూడా ఆయన ఈ పాట పాడాడు.

మరి పద్దు పుస్తకం? అది డెల్టాలోనే ఉండిపోలేదు. ఆయన పాటలు అచ్చేసింది చెస్ సోదరులు, పోలండ్ నుంచి 1928లో వలసొచ్చిన యూదు కుటుంబం. సౌత్ సైడ్‌లో బార్ నడిపి, అరిస్టోక్రాట్ అనే కంపెనీలో చేరి, 1950లో దానికి తమ పేరు పెట్టుకున్నారు. వాళ్లని రాక్షసులుగా చూపడం నాకు ఇష్టం లేదు. ఇంకెవరూ ఆ గొంతుని పట్టించుకోని రోజుల్లో రికార్డు చేసింది వాళ్లే. కానీ పద్ధతి చూడండి. డబ్బు కావాలంటే అడిగి తెచ్చుకోవాలి, కాడిలాక్ కారు కావాలంటే వాళ్లే కొనిస్తారు, ఖర్చు ఖాతాలో రాస్తారు. ఖాతా వాళ్ల దగ్గరే ఉంటుంది. దొర కొట్టు గుర్తొస్తోందా?

పాటకి డబ్బు రెండు దారుల్లో వస్తుంది. రికార్డు అమ్మితే వచ్చేది ఒకటి. పాట కట్టినవాడి హక్కుగా, ఎవరు ఎక్కడ పాడుకున్నా వచ్చేది రెండోది. ఈ రెండో దాన్ని వసూలు చేసి రచయితకి పంచేవాడు పబ్లిషర్. మడ్డీ, డిక్సన్‌ల పాటలకి పబ్లిషర్ ఆర్క్ మ్యూజిక్, దాన్ని పెట్టింది చెస్ సోదరులే, గుడ్‌మన్ సోదరులతో కలిసి. అంటే అమ్మేవాడూ వాళ్లే, లెక్క చెప్పేవాడూ వాళ్లే. 1960ల్లో ఇంగ్లండు బ్యాండ్లు ఆ పాటలు పాడి లక్షల రికార్డులు అమ్మాక ఈ రెండో దారి కాస్తా పెద్ద కాలవైంది. నీళ్లు పొలానికి ఎంత చేరాయన్నదే తగువు. 1970ల నడుమ మడ్డీ, డిక్సన్ ఇద్దరూ ఆర్క్ మీద కోర్టుకెక్కారు. కోర్టు బయట రాజీ కుదిరింది. ఓవర్సీర్‌ని అడిగినప్పుడు ముప్పై ఏళ్లు. పుస్తకం తెరవమని దావా వేసినప్పుడు అరవై దాటాయి.

ఇంగ్లండు కుర్రాళ్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఓ కథ. 1964లో రోలింగ్ స్టోన్స్ షికాగోలో చెస్ స్టూడియోకి రికార్డింగుకి వచ్చారు. అప్పుడు నిచ్చెనెక్కి సీలింగుకి రంగు వేస్తున్న నల్లాయన ఒకడు కనిపించాడని, ఆయనే మడ్డీ వాటర్స్ అని వాళ్ల గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఎన్నోసార్లు చెప్పాడు. అలాంటిదేం జరగలేదని చెస్ సోదరుల్లో ఒకడైన లెనార్డ్ కొడుకు మార్షల్ చెస్ కొట్టిపారేశాడు. తమ సామాన్లు మోయడానికి మడ్డీ సాయం పట్టాడని మాత్రం ఆ బ్యాండులోనే ఉన్న బిల్ వైమన్ రాశాడు. అది ఇంటికొచ్చిన పిల్లలతో ఏ పెద్దమనిషైనా చేసే మర్యాద. రంగు కథే జనానికి ఎందుకు నచ్చుతుంది? అందులో రాజుని గుర్తుపట్టింది ఎవరు? బయటినుంచి వచ్చిన కుర్రాళ్లు. సొంత ఊరికి ఆయన విలువ తెలియదన్నమాట. పరమ అబద్ధం. అప్పటికి పదేళ్లుగా ఆయన సౌత్ సైడ్‌లో లేక్ పార్క్ వీధిలో సొంతింట్లో ఉంటున్నాడు. సూట్ వేసుకుని, తల దువ్వుకుని, బ్యాండు వెనక రాగా, క్లబ్బులోకి దొరలా నడిచేవాడు. (ఆ ఇల్లు 2021లో నగరం రక్షిత కట్టడమైంది. స్టోవల్‌లోని గుడిసె క్లార్క్స్‌డేల్ మ్యూజియంలో ఉంది. ఆ గుడిసె చెక్కతో జీజీ టాప్ బ్యాండ్ గిటారిస్టు ఒక గిటారు కూడా చేయించాడు. అమ్మమ్మ డెల్లాకి చెప్తే నమ్మేది కాదు.)

ఇంగ్లండుతో ఆయనకి జరిగిన అసలు తమాషా వేరే ఉంది. 1958లో కరెంటు గిటారుతో వెళ్తే, పత్రికలు గిటారు కీచుమంటోందని గోల పెట్టాయి. వాళ్ల మనసులో నల్ల పాటగాడంటే పొలంగట్టున కూర్చుని మామూలు గిటారు మీటేవాడు. సరేనని ఐదేళ్ల తర్వాత మామూలు గిటారు పట్టుకెళ్లాడు. ఈసారి జనం, కరెంటు గిటారు ఏదీ అన్నారు. సన్నాయి తెస్తే డోలేదీ అన్నట్టు. ఆయన్ని వాళ్లు వినలేదు, తమ మనసులో ఉన్న బొమ్మని విన్నారు.

ఇంత చెప్పాక ఆయన వైపు పుస్తకం కూడా తెరవాలి, లేకపోతే నేనూ గుమస్తానే. గాట్ మై మోజో వర్కింగ్ ఆయన పేరుతో జగమంతా మోగింది. అది ప్రెస్టన్ ఫోస్టర్ రాసిన పాట. 1956లో తనతో టూర్‌కి వచ్చిన ఆన్ కోల్ పాడుతుంటే విని, మాటలు కాస్త మార్చి, రచయితగా తన పేరు వేసుకుని రికార్డు చేశాడు. కేసైంది, హక్కు ఫోస్టర్‌దేనని తేలింది. ఇంకోటి. 1980లో ఏళ్ల తరబడి వెంట ఉన్న బ్యాండు, పైన్‌టాప్ పెర్కిన్స్, విల్లీ స్మిత్ లాంటివాళ్లు, డబ్బుల దగ్గర తగువొచ్చి మూకుమ్మడిగా వెళ్లిపోయారు. జీతం పెంచమని అడిగినవాళ్లు ఈసారి వాళ్లు. కాదన్నది మడ్డీ తరఫువాళ్లు. సంసారం సంగతీ అంతే. భార్య జెనీవా 1973లో పోయాక గానీ బయటి సంబంధాల పిల్లలు ఇంటికి రాలేదు. వాళ్లని తీసుకుని వెస్ట్‌మాంట్‌కి మారాడు. 1983 ఏప్రిల్ 30న అక్కడే నిద్రలో పోయాడు. మా బావమరిది చదివిన బోర్డు అందుకే ఆ వీధిలో ఉంది.

గ్రామీలు ఆరు, వైట్‌హౌస్ కచేరీ ఒకటి. అవి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. నన్ను అడిగితే ఆయన లెక్క తేలింది 1948 ఏప్రిల్‌లో ఓ శనివారం.

అంతకుముందు ఏడాది అరిస్టోక్రాట్ కంపెనీలో మొదటి రికార్డింగుకి పిలుపొస్తే, చుట్టం చనిపోయాడని ఓనరుకి అబద్ధం చెప్పి లారీ పని ఎగ్గొట్టి వెళ్లాడు. ఆ పాటలు పెద్దగా ఆడలేదు. 1948లో మళ్లీ అవకాశమొస్తే, స్టోవల్‌లో లొమాక్స్‌కి పాడిన ఐ బీస్ ట్రబుల్డ్ పాటనే బయటికి తీసి ఐ కాంట్ బీ శాటిస్ఫైడ్ అని పాడాడు. గిటారుకి కరెంటు, పక్కన బిగ్ క్రాఫర్డ్ అనే అతను బాస్ అనే పెద్ద తీగవాయిద్యం మీద చరుపులు, ఇంకేమీ లేవు. లెనార్డ్ చెస్‌కి ఆ మాటలే అర్థం కాలేదు, ఎవడు కొంటాడని విసుక్కున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. 1941లో స్టోవల్‌లో పాడేటప్పుడు, రేపూ ఇలాగే ఉంటే పెట్టె సర్దుకుని పోతా అంటాడు. 1948లో షికాగో నుంచి, దక్షిణాదికి తిరిగిపోతా వస్తావా అంటాడు. అదే పాట, అదే సీసా మెడ, అదే జారుడు. రైలు మాత్రం ఎదురు దిక్కున పోతోంది. పగలు కబేళాల్లో, ఉక్కు కొలుముల్లో పనిచేసి, నాలుగో అంతస్తు ఇరుకు గదుల్లో పడుకునే జనానికి ఆ ఒక్క మార్పు చాలు.

మాక్స్‌వెల్ వీధిలో, సౌత్ సైడ్ సెలూన్లలో, కిరాణాల్లో పొద్దున పెట్టిన రికార్డులు సాయంత్రానికి లేవు. మడ్డీ స్వయంగా కొట్టుకి వెళ్లాడు. డెబ్బై తొమ్మిది సెంట్ల రికార్డుని కొట్టువాడు డాలరు పది సెంట్లకి అమ్ముతున్నాడు, అదీ మనిషికి ఒక్కటే. రెండు ఇవ్వమంటే కుదరదన్నాడు. ఇది పాడింది నేనే అన్నాడు మడ్డీ. అయినా ఒక్కటే ఇచ్చాడు. ఇంటికెళ్లి రెండోదానికి భార్యని పంపించాడు.

ముప్పై ఒక్క సెంట్లు ఎక్కువ పెట్టి కొన్న ఆ జనం పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. అప్పటికి రోలింగ్ స్టోన్స్ ఇంకా చిన్నపిల్లలు.

అదే ఎండాకాలం, జూన్, జూలైల్లో, ఆయన రాత్రి రెండింటికో మూడింటికో వాయించడం ముగించి టాప్ తీసేసిన కారులో ఇంటికి వెళ్తుంటే, ఉక్కపోతకి తెరిచిపెట్టిన మేడ కిటికీల్లోంచి అదే పాట వినిపించేదట. ఈ వీధిలో, పై వీధిలో, ఆ పై వీధిలో. ఒకసారి భయం కూడా వేసిందట, కొంపదీసి నేను చచ్చిపోయానా అని.

మా బావమరిదికి ఈ మధ్యనే ఆ రెండు పాటలూ వాట్సాప్‌లో పంపాను. "మొదటి దాంట్లో చివర మాట్లాడేది ఎవరు బావా?" అని అడిగాడు. పంక్చరు సంగతి చెప్పడానికి ఫోన్ చేశాను.